పిలిచి కొట్టాలె

మైసయ్యకు కోపం వస్తే ఎర్రబండ ఊళ్లో కుక్కలు కూడా పక్క వాడలోంచి చుట్టు తిరిగి పోతాయని చెప్పుకుంటారు. అది కాస్త ఎక్కువ చేసి చెప్పడమే. కుక్కలకు ఆయన రోజూ ముద్ద పెడతాడు, వాటితో పేచీ లేదు. పేచీ అంతా మనుషులతోనే. కరెంటు పోతే లైన్‌మన్‌ను తిడతాడు. వస్తే, ఇంతసేపు ఎక్కడ పండుకున్నావురా అని మళ్లీ అతన్నే తిడతాడు. రేషన్ దుకాణంలో వేలిముద్ర పడకపోతే ఏకంగా మిషను మీదికే పోతాడు. "రాళ్లు మోసి మోసి అరిగిన వేళ్లు ఇవి. గీతలు యాడికెళ్లి తేవాలెరా? నీ డబ్బా పాడుగాను!" అని అరిస్తే వెనక లైనులో ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. నవ్విన పాపానికి వాళ్లకూ అక్షింతలు పడతాయి.

ఊరు ఆయనకు పెట్టిన పేరు తోటాల మైసయ్య. కోపానికి పెట్టిన పేరని ఈ కాలం పిల్లలు అనుకుంటారు. కాదు. పాలమూరు అంటే ఒకప్పుడు దేశానికంతటికీ మట్టి తవ్విపెట్టిన జిల్లా. ఏ రాష్ట్రంలో కాలువ తవ్వాలన్నా, ఆనకట్ట కట్టాలన్నా పాలమూరు కూలీయే కావాలి. తిరిగొచ్చి చూస్తే వాడి చేనుకు మాత్రం చుక్క నీళ్లుండవు. ఆ సిగ్గుమాలిన కాలంలో పంతొమ్మిదేళ్ల మైసయ్యా, పదిహేడేళ్ల తమ్ముడు బీరప్పా మేస్త్రి వెంట లారీ ఎక్కి కర్ణాటక దిక్కు కాలువ పనికి పోయారు. అక్కడ బండకు బెజ్జాలు వేసి, వాటిలో మందుగుండు తోటాలు కూరి, వత్తి ముట్టించి పేల్చేవాళ్లు. మైసయ్యది ఆ వత్తి ముట్టించే పని.

ఆ పనికి ఒక కట్టుబాటు ఉండేది. అగ్గిపుల్ల గీసే ముందు గట్టు మీద నిలబడి, గ్యాంగులో ఉన్న ఒక్కొక్కరినీ పేరు పెట్టి గట్టిగా పిలవాలి. పిలిచిన ప్రతివాడూ తానున్న చోటు నుంచి "ఆ!" అని పలకాలి. అందరూ పలికాకే వత్తికి నిప్పు. దాన్ని పిలుపు అనేవాళ్లు. పెద్ద పెద్ద కంపెనీలకు సైరన్లు ఉండేవేమో గానీ, పాలమూరు కూలీకి ఉన్న సైరన్ వాడి గొంతొక్కటే.

ఆ పని దగ్గరే జానీ అనే కంప్రెషర్ డ్రైవరు అన్నదమ్ములకు చదరంగం నేర్పాడు. ఖాళీ సిమెంటు సంచి మీద బొగ్గుతో గళ్లు. విరిగిన మిషన్లలోంచి ఏరిన బోల్టులే పావులు. పొడుగు బోల్టు రాజు, కాస్త పొట్టిది మంత్రి, వంగిన మేకు గుర్రం, వాషర్లు బంట్లు. ఎదుటివాడి రాజు మీదికి పోయినప్పుడు "షే" అని చెప్పాలని జానీ నేర్పాడు. పేరు పెట్టి చెప్పాలన్నది మాత్రం కూలీలు కలిపిన కట్టుబాటు. "బీరప్పా, షే!" అనాలి. బీరప్ప "ఆ!" అని పలికాకే పావు మీంచి చెయ్యి తియ్యాలి. తోటా దగ్గర మనిషికి ఏ మర్యాదో, ఆటలో రాజుకూ అదే మర్యాద.

ఒక మధ్యాహ్నం బీరప్ప ఆ కాలువలోనే చచ్చిపోయాడు. తొందర పని అని మేస్త్రి పిలుపు లేకుండానే పేల్పించాడని ఊరంతా నమ్మింది. మేస్త్రిని ఊళ్లో కాలు పెట్టనివ్వలేదు. మైసయ్య బోల్టుల డబ్బా చంకన పెట్టుకుని తిరిగొచ్చాడు. మళ్లీ వలస పోలేదు. ఆ డబ్బా అటకెక్కింది, ఈ కోపం మాత్రం ముక్కు మీదికెక్కి కూర్చుంది. ఎవరైనా బీరప్ప మాటెత్తి మేస్త్రిని తిట్టబోతే మైసయ్య విసురుగా లేచి పోయేవాడు. ఎంత కడుపుకోతో పాపం, అని ఊరు జాలిపడేది.

తెలంగాణ వచ్చిన ఏడాదే మనవరాలు మల్లిక పుట్టింది. కొడుకు విజేందర్ వరికోత మిషను నడుపుతూ సీజనంతా ఊళ్లు పట్టుకు తిరుగుతాడు. కోడలు మమత పొద్దున్నే పత్తిమిల్లుకు పోతుంది. పిల్లను చూసుకునే పని మైసయ్య మీద పడింది. నాలుగేళ్లప్పుడు ఆ పిల్ల అటక మీది డబ్బా కావాలని రాగం తీసింది. "ముట్టినవంటే కాళ్లిరగ్గొడత!" అని మైసయ్య అరిచాడు. ఆయన అరుపుకు జడుసుకోని ప్రాణి ఆ ఇంట్లో అదొక్కతే. ఇంకాస్త గట్టిగా ఏడ్చింది. ముప్పై అయిదేళ్లు ఎవరూ ముట్టని డబ్బా కిందికి దిగింది.

ముందు బోల్టులతో బువ్వలాట ఆడింది. తర్వాత వాటి పేర్లడిగింది. ఆరేళ్లకు ఆట పట్టుబడింది. ఇంట్లో అరుగు మీది నుంచి "మైసయ్యా, షే!" అని పిల్ల గొంతు వినిపిస్తే మమతకు ఒళ్లు మండేది.

"తాతను పేరు పెట్టి పిలుస్తరానే? సిగ్గు శరం లేదా?"

"ఆటల గట్లనే పిలువాలె. నువ్వు నడుమ రాకు," అని మైసయ్య కోడలి మీద కసిరేవాడు. ఆ తర్వాత పలికేవాడు, "ఆ!"

"ఎందుకు చెప్పాలె తాతా? గప్‌చుప్ కొడితే నేనే గెలుస్త గదా?" అని ఒకసారి మల్లిక అడిగింది.

"చెప్పకుండ కొడితే మనుషులు సస్తరు బిడ్డా. పిలువాలె. ఎదుటోడు ఆ అనాలె. అప్పుడే చెయ్యి తియ్యాలె. యాది పెట్టుకో."

పిల్ల యాది పెట్టుకుంది. ఆ పిల్లతో వచ్చిన చిక్కే అది, ఏది చెప్పినా యాది పెట్టుకుంటుంది. మొన్నటి ఆటలో ఎన్నో ఎత్తుకు తాత ఏ బంటును తోశాడో కూడా చెప్పేస్తుంది. ఎనిమిదో ఏట తాతను వరసగా మూడు ఆటలు ఓడించింది. మైసయ్య కోపంతో సంచి ఎత్తి బోల్టులన్నీ వాకిట్లోకి విసిరాడు. విసిరి, బీడీ ముట్టించుకుని వాడవాడా తిరిగి, "నన్ను ఓడగొట్టింది, ఏం పిల్లరా అది, దాని తెలివి తగలెయ్య!" అని రెండు రోజులు అదే ముచ్చట చెప్పాడు. ఎదురుపడినవాడు సంబురపడకపోతే వాడికీ తిట్లే.

బడిలో ఆటల సారు సతీశ్ ఆ పిల్లను చూసి నోరెళ్లబెట్టాడు. అసలైన చెక్కపావులు తెచ్చాడు. కోట కట్టడం, గడియారం నొక్కడం, ఎత్తులు కాగితం మీద రాయడం నేర్పాడు. కానీ ఒకటి నేర్పలేదు. బడి పిల్లలందరూ "చెక్, చెక్" అని గోల చేస్తూనే ఆడతారు కాబట్టి, మల్లిక పేరు పెట్టి పిలిస్తే ఆయనకు ముద్దుగానే అనిపించింది తప్ప తప్పని తోచలేదు. 2023లో, పదకొండేళ్ల లోపు ఆడపిల్లలకు మహబూబ్‌నగర్‌లో జిల్లా సెలక్షన్ పోటీలున్నాయని ఆయనే పేరు రాయించాడు. మొదటి ఇద్దరూ రాష్ట్ర పోటీలకు పోతారు. ఆ మాట విన్నప్పటి నుంచి మల్లికకు అన్నం సయించలేదు. నిద్రలో కూడా గుర్రాలను దూకించింది. మైసయ్య కొత్త ధోవతి తీశాడు.

పోటీ ఒక ఫంక్షన్ హాల్లో. ఆరు ఆటలు. లోపలికి పెద్దలు రాకూడదన్నారు. మైసయ్య గేటు దగ్గరే మొదటి గొడవ పెట్టుకున్నాడు, రెండో గొడవ చెప్పుల దగ్గర. చివరికి హాలు వెనకవైపు కిటికీ కింద రెండు ఇటుకలు పేర్చుకుని, వాటి మీద నిలబడి అద్దంలోంచి చూశాడు.

మొదటి ఆటకు ముందు మల్లిక ఎదుటి పిల్లను అడిగింది, "నీ పేరేంది?" ఆ పిల్ల శ్రీనిధి అంది. పావుగంట తర్వాత హాలంతా దద్దరిల్లేలా వినిపించింది: "శ్రీనిధీ, షే!" నూట యాభై తలకాయలు ఇటు తిరిగాయి. శ్రీనిధి బిత్తరపోయింది. మల్లిక చెయ్యి పావు మీదే ఉంచి, ఆ పిల్ల "ఆ" అనేదాకా ఎదురుచూస్తూ కూర్చుంది. మెడలో కార్డు వేసుకుని ఆట తగవులు చూసే ఆర్బిటర్ వచ్చి, ఆటలో మాట్లాడకూడదని మెల్లగా చెప్పాడు. రెండో ఆటలో మళ్లీ అంతే. ఈసారి గట్టిగా చెప్పాడు. మూడో ఆటలో మల్లిక గడియారంలో రెండు నిమిషాలు కోశాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర సతీశ్ సారు చేతులు పట్టుకుని బతిమాలాడు.

"అక్కడ చెప్పొద్దమ్మా. నోరు మూసుకొని కొట్టు, చాలు."

"సరే సార్," అంది మల్లిక. సరే అందిగానీ, చెయ్యి పావును ఎత్తేసరికి నోరు తెరుచుకునేది. నాలుగో ఆటలోనూ అదే కోత పడి, టైము చాలక ఓడింది. అయిదో ఆట గెలిచింది. అప్పటికి నాలుగు గెలుపులు. ఆరోది గెలిస్తే రాష్ట్రానికి, లేకపోతే ఇంటికి. ఆర్బిటర్ వేలు చూపించి చెప్పాడు, "ఇంకొక్కసారి అరిస్తే ఆట పోయినట్టే రాస్త."

ఆరో ఆట గ్లోరీ అనే పిల్లతో. టౌన్ పిల్ల, కోచింగు తీసుకున్న పిల్ల. మంచి ఆట. మల్లిక ఎంత కష్టపడిందో కిటికీ అవతల మైసయ్యకు ఒక్కడికే అర్థమైంది. రాజు మీదికి పోయే ప్రతి దారినీ తప్పించుకుని ఆడుతోంది. షే చెప్పాల్సిన అవసరం రాకుండా, చుట్టుదారుల్లో, నోరు కట్టేసుకుని ఆడుతోంది. అలా ఆడి కూడా గ్లోరీ రాజును మూలకు తోసింది. ఆ రాజు చుట్టూ సొంత ఏనుగూ బంట్లూ గోడలా నిలబడి, కదలడానికి జాగా లేదు. ఇక గుర్రం ఒక్క దూకు దూకితే ఆట ముగిసినట్టే. వేరే దారే లేదు. అదొక్కటే ఎత్తు, అది షే.

మల్లిక చెయ్యి గుర్రం మీదికి పోయి గాలిలో ఆగిపోయింది. గడియారంలో మూడు నిమిషాలున్నాయి. పెదవులు కదిలాయి, మూసుకున్నాయి. చెయ్యి వెనక్కి తీసింది, మళ్లీ చాపింది. "దుంకియ్యి బిడ్డా, దుంకియ్యి!" అని మైసయ్య గుండెల్లో అరిచాడు. నోటితో అరిస్తే ఆట పోతుందని భయం. జన్మలో నోరు మూసుకోని మనిషి అద్దానికి ముఖం ఆనించుకుని, పళ్లు బిగబట్టి నిలబడ్డాడు. రెండు నిమిషాలు. ఒకటి. మల్లిక కళ్లలోంచి నీళ్లు బల్ల మీద పడుతున్నాయి, చెయ్యి మాత్రం గుర్రాన్ని తాకలేదు. గడియారం కూసింది.

గ్లోరీ చెయ్యి కలపడం కూడా మరిచిపోయి, "గుర్రం ఉండె గదా? ఎందుకు దుంకియ్యలే?" అని అడిగింది. దాని ముఖంలో గెలిచిన సంతోషం లేదు.

మైసయ్య ఎవరు ఆపినా ఆగకుండా హాల్లోకి దూరాడు. నేరుగా ఆర్బిటర్ ముందుకు పోయి నిలబడ్డాడు.

"ఏం రూలయ్యా ఇది? చెప్పి కొట్టుడు తప్పా? సాటుంగ కొట్టుడు ఒప్పా? ఎవడు రాసిండు? పిలువు వాన్ని!"

"తాతా, చెప్పాల్సిన పని లేదు," అన్నాడు ఆర్బిటర్. ఓపిక ఉన్న మనిషే. "ఎవరి రాజును వాళ్లే చూసుకోవాలె."

"చూసుకోకుంటే?"

"ఓడిపోతరు."

"ఓడిపోతరా?" మైసయ్య గొంతు పగిలింది. "సస్తరు! చూసుకోకుంటే సస్తరు! నీకేమెరుక, ఏసీల కూసుండెటోనివి?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో ఫోన్ పైకెత్తి వీడియో తీశారు. సతీశ్ సారు ఆయన భుజాలు పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

బస్సులో మైసయ్య కోపం దారి వెదుక్కుని మల్లిక మీదికే మళ్లింది. అయిదు ఆటల్లో అరిచినదానికి ఆరో ఆటలో చెయ్యెందుకు రాలేదని నిలదీశాడు. "కొట్టకపోతివా! ఒక్కసారి నోరు మూసుకొని కొడితే నీ సొమ్మేం పోయె?"

మల్లిక కిటికీలోంచి చూస్తూ చెప్పింది. "చెప్పకుండ కొడితే మనుషులు సస్తరని నువ్వే అన్నవు గదా తాతా. ఆ పిల్ల మంచిది. నాకు పెన్ను ఇచ్చింది."

మైసయ్య బీడీ కట్ట తీసి, బస్సని గుర్తొచ్చి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

ఇంట్లో నోరు విప్పింది మమత. మిల్లు నుంచి వచ్చి తలలో దూది కూడా దులుపుకోకుండా మామ ముందు నిలబడింది. పెళ్లై వచ్చిన పన్నెండేళ్లలో ఆయన అరుపులన్నీ దిగమింగిన మనిషి ఆమె.

"మామా, ఇయ్యాల నువ్వు అరువకు, నేను అరుస్త. ఆట ఆడేది పిల్ల. నీ తోటాల కట్టుబాటు నువ్వు ఉంచుకో. సచ్చిపోయినాయన మీద నీకు అంత దుఃఖముంటే నువ్వు మొయ్యి. తొమ్మిదేండ్ల పిల్ల నెత్తిన ఎందుకు పెట్టినవు? పిల్ల బువ్వ తినకుంట మూలకు పండుకున్నది చూడు. పొయి చూడు!"

మైసయ్య పోయి మూలన పండుకున్న పిల్ల మీద దుప్పటి కప్పి వచ్చాడు.

ఆ రోజు నుంచి మల్లిక డబ్బా ముట్టలేదు. సతీశ్ సారు ఇచ్చిన చెక్కపావులు సంచితో సహా ఆయనకే ఇచ్చేసింది. సాయంత్రాలు అరుగు మీద మైసయ్య ఒక్కడే గళ్ల సంచి పరుచుకుని బోల్టులు పేర్చి కూర్చుంటే, ఆ పిల్ల అటు తల కూడా తిప్పకుండా బకెట్టు తీసుకుని నల్లా దగ్గరికి పోయేది. మైసయ్యకు పిచ్చి లేచేది. లైన్‌మన్‌ను తిట్టాడు, సర్పంచ్‌ను తిట్టాడు, వాన పడనందుకు వానను తిట్టాడు. ఎంత తిట్టినా కోపం తీరలేదు. ఎట్లా తీరుతుంది? తిట్టాల్సిన మనిషిని ఒక్కసారి కూడా తిట్టలేదాయె.

పల్లికాయ చేను పీకే రోజు అది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చెట్ల నుంచి కాయలు తెంపుతున్నారు. మైసయ్య ఉన్నట్టుండి మొదలుపెట్టాడు.

"మల్లికా, నీకొక ముచ్చట చెప్త. మీ అమ్మకు కూడ చెప్పలే. ఎవ్వలకు చెప్పలే."

పిల్ల తల ఎత్తలేదు.

"ఆ పొద్దు మేస్త్రి పిలుపు వద్దనలే. పిలుపు నాదే. పొద్దుగాల ఆటల బీరప్ప నన్ను ఓడగొట్టిండు. అందరి ముందట నవ్విండు. నాకు తిక్క లేసింది. సంచి తన్నిన. ఇగ నీతోని మాట్లాడ, నువ్వు కూడ నాతోని మాట్లాడకు అని ఒట్టు పెట్టుకున్న. పనికాడ పన్నెండు మందిమి. గట్టెక్కి పిలిచిన. నేను పోను పదకొండు పేర్లు పిలువాలె. పది పిలిచిన."

మల్లిక చేతిలో కాయలు ఆగిపోయాయి.

"వాడు అందరితోని పైకి పొయ్యిండనుకున్న. మొదలు మాట్లాడితే నేను తక్కువైత గదా, అందుకని వాని పేరు ఇడిసిపెట్టిన. వాడు సుత్తె మరిచిపొయ్యి మళ్ల కిందికి దిగిండు. అన్న పిలుస్తడు, పిలిస్తె పలుకుత, అన్న ధీమ మీద దిగిండు." మైసయ్య ముఖం కందిపోయింది. అది ఏడుపు కాదు. "మిగిలిన పది మంది వేరే ఊళ్లోళ్లు, ఈడ చెప్పెటోడు లేడు. నేనే మేస్త్రి మీద పెట్టిన. వాడు ఊరిడిసిపొయ్యి యాడనో సచ్చిండు. నేను ఈడ నలభై ఏండ్ల సంది అందరినీ తిట్టుకుంట బతుకుతున్న. థూ, నా బతుకు!"

మల్లిక ఓదార్చలేదు. ఓదార్చే వయసు కాదు, ఓదార్చే పిల్లా కాదు.

"అయితే తప్పు నీదే," అంది చివరికి.

"నాదే."

"ఆట తప్పు కాదు."

"కాదు బిడ్డా. ఆటల ఎవ్వరు సావరు. గ్లోరీ సచ్చిందా? నువ్వు చెప్పకుండ కొడితే గూడ ఆ పిల్ల లేసి ఇంటికి పొయ్యి బువ్వ తింటుండె. నేనే గడబిడ చేసిన."

ఆ సాయంత్రం నల్లా దగ్గరి నుంచి వచ్చి బకెట్టు దించి, మల్లిక అరుగు మీద ఆయన ఎదురుగా కూర్చుంది. మాట్లాడకుండా ఆడింది. గుర్రం వచ్చి రాజు మీద పడింది. పిల్ల పెదవులు బిగబట్టి చెయ్యి తీసేసింది. మైసయ్య అలవాటు కొద్దీ "ఆ!" అనబోయి మింగాడు. మూడో ఆటకు పిల్ల పావులు తోసేసి అరిచింది, అచ్చం తాతలాగే.

"నాతోని అయితలేదు! ఎవరన్న ఒకరు పిలువాలె! నేను లోపల సప్పుడు చెయ్యకుంట కొడుత. నువ్వు బైట నిలవడి పిలువు. అట్లయితే ఆడుత. లేకుంటే లేదు."

"నువ్వు లోపల ఎప్పుడు కొడుతవో నాకెట్ల ఎరుక?"

"ఎరుక లేకుంటే పొద్దంత పిలువు."

మరుసటి ఏడు అదే ఫంక్షన్ హాలు. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ చేశారు కాబట్టి మల్లికకు ఆధార్ కార్డు చూపిస్తే టికెట్ సున్నా, మైసయ్యకు మాత్రం పూర్తి టికెట్. "మొగోడు ఏం పాపం చేసిండమ్మా?" అని ఆయన లేస్తే, "చేసిందే చేసిండు తియ్యి, కూసో పెద్దాయన," అని కండక్టరమ్మ కొట్టిపారేసింది. బస్సంతా నవ్వింది. మైసయ్య ఆ పూట ఇంకేమీ అనలేదు. గొంతు దాచుకోవాలి కదా.

ఆయనకు చదువు రాదు. ప్రతి ఆటకూ ముందు మల్లిక గోడకు అంటించిన కాగితం చూసి, గేటు దాకా పరుగెత్తుకొచ్చి ఎదుటి పిల్ల పేరు చెప్పి పోయేది. మైసయ్య హాలులోకి వినపడనంత దూరంలో, రోడ్డు అవతల చెరుకురసం బండి పక్కన నిలబడ్డాడు. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టి, వెనకటి గట్టు మీద నిలబడినట్టే నిలబడి, పిలిచాడు.

"ఫాతిమా, షే!"

బండి నడిపేవాడు ఉలిక్కిపడి గ్లాసు జారవిడిచాడు. "ఎవల్ని పిలుస్తున్నవు పెద్దాయనా?"

"నీకెందుకురా? నీ రసం నువ్వు పిండు!"

ఆటకొక పేరు. మల్లిక లోపల ఎప్పుడు రాజు మీదికి పోతుందో తెలియదు కాబట్టి ఊపిరి తీసుకోవడానికి మాత్రమే ఆగాడు. ఎండ నెత్తికెక్కింది. ఆటోవాళ్లు ఆపి మరీ చూశారు. పిచ్చోడన్నారు. పిల్ల తప్పిపోయిందేమోనని ఒకామె వచ్చి జాలిగా అడిగింది, ఆమెనూ కసిరి పంపించాడు. అయిదు ఆటలైపోయాయి. నాలుగు గెలుపులు, ఒక సమానం. సతీశ్ సారు గేటు దగ్గరికొచ్చి చేతులు ఊపాడు. ఒక్క మాట కూడా మాట్లాడట్లేదట, ఒక్క నిమిషం కూడా కోత పడలేదట.

ఆరో ఆటకు ముందు మల్లిక రొప్పుతూ వచ్చింది. "తాతా, మళ్ల గ్లోరీ. ఇది గెలిస్తేనే."

"పో. నేను పిలుస్త."

"గ్లోరీ, షే!" అని పిలిచాడు. మళ్లీ పిలిచాడు. గొంతు బొంగురుపోయి మాట గాలిలో సగం దూరం కూడా పోవడం లేదు. పొద్దున్నుంచీ ఇన్ని పేర్లు పిలిచినా, రోడ్డు మీది హారన్లు తప్ప తిరిగి ఒక్క పలుకు లేదు. పలకరని తెలుసు. పలకరని తెలిసి పిలవడం ఎంత నరకమో అప్పుడు తెలిసింది. మైసయ్యకు ఒక్కసారిగా ఒళ్లంతా కోపం పుట్టింది. హాలు మీద కాదు, ఆర్బిటర్ మీద కాదు. పంతొమ్మిదేళ్ల ఆ పొగరుబోతు మీద, గట్టెక్కి పది పేర్లు పిలిచి నోరు మూసుకున్న ఆ దరిద్రుడి మీద. ఒక్క పేరు. ఒక్క పేరు పిలిస్తే వాడి సొమ్మేం పోయేది?

చేతులు మళ్లీ నోటి దగ్గరికి పోయాయి. ఈసారి వచ్చింది గ్లోరీ పేరు కాదు.

"బీరప్పా!"

చెరుకురసం బండివాడు మిషను ఆపేశాడు.

"బీరప్పా! ఓ బీరప్పా!"

"ఆ!"

మైసయ్య గిరుక్కున తిరిగాడు. వెనక రోడ్డు దాటి వచ్చి మల్లిక నిలబడి ఉంది, జడలు ఊడిపోయి, చేతిలో ఆట రాసిన కాగితంతో. ఆ కాగితం ఎత్తి చూపించింది. గెలిచింది. రాష్ట్రానికి పోతోంది.

మైసయ్యకు ఆ కాగితం కనబడలేదు. గుడ్లురిమి పిల్లనే చూశాడు. "నీ పేరు బీరప్పనా? ఎందుకు పలికినవే?" అని కసరబోయాడు. గొంతు పూర్తిగా పోయింది, పెదవులు మాత్రమే కదిలాయి. అయినా మల్లికకు అర్థమైంది.

"పిలిచినంక ఎవరన్న పలుకాలె గదా తాతా," అంది.